తలుపు మీద ఎక్స్ గుర్తు

పల్స్ పోలియో నడిచిన ఏళ్లలో మురాదాబాద్ మొహల్లాల్లో తలుపుల మీద సుద్దముక్క రాతలుండేవి. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే పి. ఒక్కరికి పడకపోయినా ఎక్స్. ఇంటికి తాళం ఉంటే ఎక్స్, బిడ్డ నానీ ఇంటికి పోయి ఉంటే ఎక్స్, జ్వరంగా ఉంది ఇప్పుడొద్దని తల్లి అంటే కూడా ఎక్సే. దేశం మాత్రం ఆ ఎక్స్‌ను ఒకే విధంగా చదివింది: ముసల్మాన్ల ఇల్లు, చదువురాని తల్లి, మౌల్వీ మాట.

మేము ఉర్దూలో చదివి తెలుగులో రాసి బతికేవాళ్లం. ఒకే వార్త రెండు భాషల్లో రెండు ముఖాలతో రావడం మాకు అలవాటే. పోలియో వార్త కూడా అలాగే వచ్చింది. ఒక చోట మేమే రోగానికి కారణం. ఇంకో చోట మా మీద కుట్ర. రోగం ఎలా పాకుతుందో మాత్రం రెండు చోట్లా తక్కువగానే రాశారు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

ముందు అంకె ఒప్పుకుందాం. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. అందులో 1,200కు పైగా ఉత్తరప్రదేశ్‌లోనే. ఆ రాష్ట్ర జనాభాలో ముస్లింలు ఐదో వంతు కూడా లేరు, కేసుల్లో మాత్రం సగానికి పైగా ముస్లిం పిల్లలే. అంకె అబద్ధం కాదు. దానికి చెప్పిన కారణమే సగం.

పోలియో వైరస్ నోట్లోంచి లోపలికి పోతుంది, పేగుల్లో పెరుగుతుంది, మలంలో వారాల తరబడి బయటకొస్తుంది. మోరీ నీళ్లలోకి, అక్కడినుంచి పగిలిన నల్లా పైపులోకి, పిల్లవాడి చేతిలోకి, మళ్లీ ఇంకో నోట్లోకి. దాని దారి అంతే. సోకిన పిల్లల్లో దాదాపు 200 మందిలో ఒకరికే కాళ్లో చేతులో పడిపోతాయి. మిగతావాళ్లకు కాస్త జ్వరం, చాలామందికి అదీ ఉండదు. అంటే గల్లీలో ఒక బిడ్డ కుంటే నాటికి ఆ చుట్టుపక్కల వందలమంది పిల్లల పేగుల్లోంచి వైరస్ నడిచిపోయి ఉంటుంది. ఆ బిడ్డ ఇంటి తలుపు మీద గీత గీస్తే ఏం లాభం? అది ఏ తలుపులోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

రక్షణ కూడా అలాగే గుంపుగా వస్తుంది. నోటి చుక్కల్లో ఉండేది బలహీనపరచిన బతికున్న వైరస్. అది బిడ్డ పేగుల్లో నిలబడి అక్కడే కాపలా పెడుతుంది. తర్వాత అసలు వైరస్ వచ్చినా పెరగడానికి చోటు దొరకదు. పైగా ఆ బలహీన వైరస్ కూడా మలంతోనే బయటికొచ్చి, చుక్కలు పడని పక్కింటి బిడ్డకు సైతం కొంత రక్షణ ఇస్తుంది. రోగం నడిచిన మోరీలోనే మందూ నడుస్తుంది! కాపలా ఉన్న పిల్లలు చాలినంతమంది అయితే వైరస్‌కు పోవడానికి దారి ఉండదు, అది ఆగిపోతుంది. కానీ ప్రతి నెలా లక్షల కొత్త పిల్లలు పుట్టే చోట ఆ కాపలాను మళ్లీ మళ్లీ కడుతూనే ఉండాలి.

ఇక తల్లుల భయం. చుక్కలు వేస్తే పిల్లలకు రేపు సంతానం కలగదన్న పుకారు మాట నిజమే. అది గాలిలోంచి పుట్టలేదు. 1976 నవంబరులో హర్యానాలో మేవ్ ముస్లింల ఊరు ఉటావర్‌ను పోలీసులు తెల్లవారుజామున చుట్టుముట్టి మగవాళ్లను నస్బందీకి పట్టుకుపోయారు. అదే ఏడు ముజఫర్‌నగర్‌లో నస్బందీని ఎదిరించినవాళ్ల మీద కాల్పులు జరిగాయి. 1976-77లో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. దెబ్బ తిన్నవాళ్లు ముస్లింలొక్కరే కాదు, దళితులు, పేదలు అందరూ. కానీ పాతికేళ్లుగా దవాఖానా ఆయమ్మ కూడా తొంగిచూడని గల్లీకి, నీళ్లు రాని గల్లీకి, సర్కారు ఒక్క చుక్కల సీసాతో నెలనెలా వస్తుంటే ఎందుకొచ్చిందని ఒక నానీ అడగడం మూర్ఖత్వమా? అదే సమయంలో ఒక మాట మా వాళ్లకూ చెప్పాలి. ఆ పుకారు అబద్ధమని తెలిసిన పెద్దలు కొందరు చాలాకాలం నోరు విప్పలేదు. ఆ మౌనానికి ధర చెల్లించింది పిల్లల కాళ్లు.

మిగతా సగం కారణం సీసాలోనూ పేగుల్లోనూ ఉంది. మూడు డోసులు మన దేశపు పిల్లలకు చాలవని వెల్లూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1970ల్లోనే చూపారు. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా కఠినంగా చెప్పింది. టైప్ 1 పోలియో మీద అప్పటి మూడు రకాల చుక్కల మందు ఒక్కో డోసు పనితనం ఉత్తరప్రదేశ్‌లో సుమారు 9 శాతం, బీహార్‌ను కూడా పక్కనపెడితే మిగతా దేశంలో 21 శాతం. మేం బి.ఏ. చదివినవాళ్లం, లెక్కల్లో అంత గట్టివాళ్లం కాదు, అయినా కాగితం మీద వేసి చూశాం. 9 శాతమైతే పది డోసులు తాగిన వందమందిలో దాదాపు 40 మందికి ఇంకా రక్షణ లేదు. 21 శాతమైతే అలాంటివాళ్లు పదిమందికి లోపే. కిక్కిరిసిన ఇళ్లు, ఆగని విరేచనాలు, పేగుల్లో అప్పటికే తిష్ఠవేసిన వేరే వైరస్‌లు ఉన్నచోట చుక్కల మందుకు నిలబడే చోటు దొరకదు. పది సార్లు నోరు తెరిపించిన తల్లి బిడ్డకూ పోలియో వచ్చింది. ఆ తల్లి తలుపు మీద పి అనే ఉంది.

బీహార్‌లో కోసీ నది వరద మైదానం చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అక్కడ పెద్ద అడ్డంకి నిరాకరణ కాదు. వరద, దూరం, పడవ తప్ప దారిలేని పల్లెలు. వైరస్ అక్కడా మొండిగా నిలిచింది. దానికి నమాజూ పూజా తెలియవు. మురికి నీళ్లు తెలుసు.

దారి మారింది ఈ రెండు సగాలూ కలిపి చూసినప్పుడే. 2005లో ఒకే రకం వైరస్ మీద పనిచేసే చుక్కలు, 2010 జనవరిలో రెండు రకాల మీద పనిచేసే చుక్కలు వచ్చాయి. ఆ మొహల్లా ఆడవాళ్లే ఇల్లిల్లూ తిరిగారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిలియా, జామియా హమ్‌దర్ద్ ముందుకొచ్చాయి. ఉలేమా సంతకాలు పెట్టారు, మస్జిద్ మైకులో చుక్కల కబురు వినిపించింది. 2009లో యూపీ, బీహార్‌లలో 107 బ్లాకులు ఎంచి, చుక్కలతో పాటు విరేచనాల మందు, చేతుల శుభ్రత, మరుగుదొడ్ల మాట కూడా ఎత్తారు. మొదటే ఎత్తాల్సిన మాట అది. 2009లో 741 కేసులు, 2010లో 42. ఆఖరిది 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో, ఏడాదిన్నర పాపకు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది.

తర్వాత కథ మా హైదరాబాద్‌కు వచ్చింది. బలహీన వైరస్, రక్షణ తక్కువైన చోట బిడ్డనుంచి బిడ్డకు చాలాకాలం తిరిగితే మళ్లీ బలం పుంజుకుంటుంది. అలాంటి టైప్ 2 వైరస్ 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో కనిపించింది. ఏ బిడ్డకూ కాలు పడిపోలేదు. టైప్ 2ను చుక్కల మందులోంచి అదే ఏప్రిల్‌లో తీసేశారు కాబట్టి జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు చర్మంలోకి చిన్న డోసు ఇంజెక్షన్ ఇచ్చారు. ఈసారి నమూనా తీసింది ఏ ఇంటి ముందూ కాదు. ఎన్నో బస్తీల మురుగు వచ్చి కలిసే చోట తీశారు.