డాలర్ కట్నాలు, ఇంగ్లండు బిరుదులు

1870ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా అమెరికా కోటీశ్వరుల కుమార్తెలు ఎందరో బ్రిటిష్ ప్రభు కుటుంబాలకు కోడళ్లయ్యారు. వారికి ‘డాలర్ యువరాణులు’ అనే పేరు స్థిరపడింది. ఈ సంబంధాల మూలం గోధుమ ధరలో ఉంది. రైళ్లు, ఆవిరి ఓడలు అమెరికా గోధుమను చౌకగా ఇంగ్లండు రేవులకు చేర్చాయి. స్థానిక పంట ధర పడిపోయింది, కౌలు మీద బతికే భూస్వాముల రాబడి కుంగింది. భవనాల మరమ్మతులు, నౌకర్ల జీతాలు, తాతలనాటి అప్పులు మాత్రం తగ్గలేదు. మార్ల్‌బరో డ్యూకు వంశం 1885లో రాఫేల్ చిత్రాన్ని 70,000 పౌన్లకు నేషనల్ గ్యాలరీకి అమ్ముకుంది.

అవతల న్యూయార్క్‌లో డబ్బుకు కొరత లేదు, పరువుకే కొరత. నగర ఉన్నత సమాజానికి పెద్దదిక్కైన మిసెస్ ఆస్టర్ చుట్టూ అల్లుకున్న పాత కుటుంబాలు కొత్త ధనికులను గడప తొక్కనిచ్చేవి కావు. కూతురు డచెస్ అయితే ఆ గడప తానే తెరుచుకుంటుందని తల్లుల ఆశ.

న్యూయార్క్ షేర్ల వ్యాపారి లెనార్డ్ జెరోమ్ కుమార్తె జెన్నీ 1874లో పారిస్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్‌ను పెళ్లాడింది. అంతకుముందు కట్నం బేరం నెలల తరబడి సాగింది. కూతురి చేతికీ కొంత సొమ్ము రావాలని తండ్రి పట్టుబట్టాడు. అప్పటి ఇంగ్లండు ఆచారంలో భార్య డబ్బు భర్తదే. వివాహిత స్త్రీలకు సొంత ఆస్తిపై పూర్తి హక్కు ఇచ్చిన చట్టం అక్కడ 1882లో గానీ రాలేదు. పెళ్లయిన ఏడాది నవంబరులోనే జెన్నీ దంపతులకు విన్‌స్టన్ చర్చిల్ పుట్టాడు.

అన్నిటిలోకి పేరుమోసినది, నిజానికి అన్నిటికన్నా దయలేనిది, కాన్సుయెలో వాండర్‌బిల్ట్ పెళ్లి. ఆమె మనసు మరొకరి మీద ఉంది. తల్లి ఆల్వా కూతుర్ని ఇంట్లో కట్టడి చేసి, బెదిరించి, 1895 నవంబరు 6న తొమ్మిదో మార్ల్‌బరో డ్యూకుకు ఇచ్చి చేసింది. వధువు వయసు 18. కట్నం 25 లక్షల డాలర్ల విలువైన రైల్వే షేర్లు. అమెరికా రైళ్లు కుంగదీసిన జమీందారీని అమెరికా రైల్వే సొమ్మే నిలబెట్టింది, డ్యూకుల నివాసమైన బ్లెన్‌హైమ్ భవనం బాగుపడింది. కాపురం బాగుపడలేదు. 1906లో విడిపోయారు, 1921లో విడాకులు తీసుకున్నారు. 1926లో ఆ వివాహం చెల్లదని క్యాథలిక్ చర్చి తేల్చింది. కూతుర్ని తానే బలవంతపెట్టానని ఆల్వా సాక్ష్యమిచ్చింది. అప్పటికామె స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో పేరున్న నాయకురాలు.

అన్నీ ఇలాంటివే కావు. షికాగో వర్తకుడి కూతురు మేరీ లైటర్ 1895లోనే జార్జ్ కర్జన్‌ను ఇష్టపడి చేసుకుంది. 1899లో అతను వైస్రాయి కావడంతో భారతదేశానికి వచ్చింది. 1903 దిల్లీ దర్బారులో ఆమె ధరించిన నెమలిపింఛాల గౌను మీది జరీ పని భారతీయ కళాకారులదే. పింఛాల కళ్లలో మెరిసినవి పురుగుల రెక్కలు. మేరీ 1906లో, 36వ ఏట మరణించింది.

యుద్ధంతో ఈ పెళ్లిళ్ల జోరు తగ్గింది. 1894లో గరిష్ఠంగా 8 శాతంగా మొదలైన ఎస్టేటు పన్ను 1919 నాటికి అతిపెద్ద ఆస్తులపై 40 శాతానికి చేరింది. అంత పన్ను ముందు ఎంత పెద్ద కట్నమైనా చాలలేదు. భూములు పెద్దయెత్తున అమ్మకానికి వచ్చాయి.