పండోరాలో గ్రామసభ జరగలేదు



అవతార్ రెండో భాగం 2022లో వచ్చింది. డిసెంబరు 16న మన దేశంలో తెలుగుతో సహా చాలా భాషల్లో విడుదలైంది. తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. ప్రపంచం మొత్తం మీద వసూళ్ళు 200 కోట్ల డాలర్లు దాటాయి. అప్పటి నుంచి హాస్టల్ గదుల్లో, బస్సుల్లో, టీ బంకుల దగ్గర మనోళ్ళ మధ్య ఒకటే వాదన. సినిమా గొప్పదా, కాదా?

వాదించేవాళ్ళు మూడు రకాలుగా ఉన్నారు. మొదటివాళ్ళు ఏమంటారంటే, బొమ్మ అదిరింది గానీ కథ లేదు. మొదటి భాగంలో చచ్చిన విలన్‌నే మళ్ళీ లేపి తెచ్చారు, మూడు గంటల పన్నెండు నిమిషాలు కూర్చోబెట్టారు, నడిమి గంట సాగదీశారు అని. రెండోవాళ్ళు, కథ లేదనడం తప్పు, అది మన కథే అంటారు. అడవి, కొండ, ఖనిజం, కంపెనీ, తుపాకీ, ఇంకేం కావాలి? మూడోవాళ్ళు తక్కువమందే గానీ గట్టిగా మాట్లాడుతున్నారు. అమెరికా మూలవాసుల్లో కొందరు ఈ సినిమా చూడొద్దని పిలుపిచ్చారు, మనమెందుకు టికెట్ కొని వాళ్ళ నోరు కొట్టాలి అంటారు.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయితే ముగ్గురూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. దాని కోసమే ఈ పోస్టు.

ముందు బొమ్మ సంగతి. దానికి దండం పెట్టాల్సిందే. పదమూడేళ్ళ తర్వాత వచ్చిన భాగం ఇది. నటుల్ని నిజంగా నీళ్ళలోకి దించి, ఊపిరి బిగబట్టడం నేర్పించి తీశారు. కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాలకు పైగా ఊపిరి ఆపింది. ఆ పని వెనక ఉన్న కష్టాన్ని కాదనడానికి మనకు నోరు రాదు. సముద్రం కింద వెలుగు పడే తీరు చూసి మనలో చాలామంది నోరు తెరిచిన మాట నిజం.

ఇక ‘మన కథ’ అనే మాట. ఇది మనోళ్ళు ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. మొదటి భాగం 2009 డిసెంబరులో వచ్చింది. రెండు నెలలు తిరక్కముందే, 2010 ఫిబ్రవరిలో, సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ హాలీవుడ్ పత్రిక వెరైటీలో ఒక ప్రకటన వేసింది. దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు రాసిన విన్నపం అది. మీ సినిమాలో జరిగేదే ఇండియాలో డోంగ్రియా కోందులకు జరుగుతోంది, వాళ్ళకు సాయం చేయండి అని అందులో కోరారు. మన పార్వతీపురం మన్యానికి ఆనుకుని ఉన్న ఒడిశాలో, రాయగడ, కలహండి జిల్లాల మధ్యనున్న నియమగిరి కొండల ముచ్చట అది. ఆ ఏడాది జూలైలో లండన్‌లో వేదాంత కంపెనీ వాటాదారుల సమావేశం బయట కొందరు ఒంటికి నీలం రంగు పూసుకుని నావీల్లా నిరసన తెలిపారు. అంటే 2010 నుంచే ఈ సినిమాకూ మన కొండలకూ ముడి ఉంది.

మరి ఆ ముడి ఎంతవరకు గట్టిది? మేము అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది. సినిమాలో తెగ భవిష్యత్తు గురించి నిర్ణయం తీసుకునేది ఎవరు?

మొదటి భాగంలో చూడండి. జేక్ సల్లీ బయటినుంచి వచ్చినవాడు. మొదట కంపెనీకి కబుర్లు మోసినవాడు. చివరికి అతనే పెద్ద పిట్టనెక్కి వస్తాడు, తెగలన్నిటినీ కూడగడతాడు, యుద్ధం గెలిపిస్తాడు. పుట్టి పెరిగిన నేటిరి, ఆమె అమ్మ, ఆ చెట్టు కింద బతికిన వందలమంది అతని మాట కోసం ఎదురుచూస్తారు. పండోరాలో అందరూ కూర్చుని ‘మనం ఒప్పుకుందామా వద్దా’ అని మాట్లాడుకున్న సీను ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. రాదు.

మూడోవాళ్ళ కోపానికి కారణం కూడా దీని పక్కనే ఉంది. 2010లో ఒక ఇంటర్వ్యూలో కామెరాన్, ఈ సినిమా రాస్తున్నప్పుడు లకోటా ప్రజలు తన మనసులో మెదిలారని చెప్పాడు. వాళ్ళు తమ పిల్లల ఇవాళ్టి దుస్థితిని ఆనాడే చూడగలిగి ఉంటే ఇంకా గట్టిగా పోరాడేవాళ్ళన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాట మళ్ళీ బయటికొచ్చి 2022 డిసెంబరులో బహిష్కరణ పిలుపుకు ఒక కారణమైంది. తెగలవాళ్ళ పాత్రలు తెల్లవాళ్ళకిచ్చారన్నది ఇంకో కారణం. మొదటి భాగంలో తెగ పెద్ద పాత్ర వేసిన వెస్ స్టూడీ చెరోకీ మనిషి. రెండో భాగంలో సముద్ర తెగ పెద్ద పాత్ర వేసిన క్లిఫ్ కర్టిస్ మావోరి. కానీ అతని భార్య పాత్ర కేట్ విన్‌స్లెట్‌ది.

లకోటాలు గట్టిగా పోరాడలేదా? చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం. 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా ప్రభుత్వం వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. బ్లాక్ హిల్స్ కొండలు వాళ్ళవేనని రాసిచ్చింది. 1874లో కస్టర్ అనే సైనికాధికారి దండుతో ఆ కొండల్లోకి వెళ్ళాడు, బంగారం ఉందని తేలింది, గని పనివాళ్ళు చీమల్లా దూరారు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్ హార్న్ దగ్గర లకోటాలు, చెయెన్‌లు, అరపాహోలు కలిసి కస్టర్ దండును ఓడించారు, కస్టర్ అక్కడే చచ్చాడు. పోరాటమంటే ఇంకా ఎలా ఉండాలి?

వాళ్ళ కొండలు పోయింది కాగితం మీద. 1868 ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఆ నేలలో ఏ ముక్క ఇవ్వాలన్నా పెద్ద వయసు మగవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది సంతకం కావాలి. ఆడవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదన్నది వేరే సంగతి. కస్టర్ ఓడిన కొద్ది నెలలకే ప్రభుత్వం కమిషన్‌ను పంపింది. కొండలు ఇవ్వకపోతే తిండి గింజలు ఆపేస్తామంది. అప్పటికే వాళ్ళ వేట పశువులు కరిగిపోయి, సర్కారు రేషన్ మీద బతుకుతున్న రోజులు. అంత ఆకలిలో కూడా సంతకాలు పెట్టింది పదోవంతు మందే. షరతు ప్రకారం ఆ కాగితం చెల్లదు. అయినా 1877లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి కొండలు తీసేసుకుంది.

వందేళ్ళకు పైగా గడిచాక, 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కొండలకు పరిహారం కట్టాల్సిందేనని తీర్పు ఇచ్చింది. వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్ల పైమాటే. లకోటాలు ఆ డబ్బు తీసుకోలేదు. కొండలు అమ్మలేదు కాబట్టి ధర అక్కర్లేదన్నారు. అమెరికాలో అందరికంటే పేదవాళ్ళలో ఉండి కూడా ఇవాళ్టికీ ముట్టుకోలేదు. ఆ డబ్బు పెరిగి పెరిగి 100 కోట్ల డాలర్లు దాటింది. ఈ మనుషులకు ఇంకా గట్టిగా పోరాడాల్సిందని చెబితే కోపం రాదా?

కామెరాన్ మనసు మంచిది కాదని మేము అనడం లేదు. 2010లోనే ఆయన బ్రెజిల్ వెళ్ళాడు. షింగు నది మీద కట్టబోయే బెలో మోంటే డ్యామ్‌కు ఎదురు నిలిచిన అక్కడి తెగలతో కలిసి కూర్చున్నాడు, ప్రపంచానికి చెప్పాడు. ప్రపంచం విన్నది. డ్యామ్ మాత్రం ఆగలేదు. 2016లో కరెంటు తీయడం మొదలైంది.

నియమగిరిలో వేరేలా జరిగింది. 2010 ఆగస్టు 24న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బాక్సైట్ గనికి అటవీ అనుమతి నిరాకరించారు. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పింది ఇదీ: 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ కొండ మీద జనానికి ఏ హక్కులున్నాయో, వాళ్ళ దేవుడి హక్కు సంగతేమిటో అక్కడి గ్రామసభలే తేల్చాలి. ప్రభుత్వం 12 ఊళ్ళను ఎంచింది. అన్ని ఊళ్ళలో పెట్టాలని జనం అడిగినా వినలేదు. జూలై 18న మొదటి పల్లిసభ, ఆగస్టు 19న చివరిది. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదురుగా కూర్చున్నారు. చుట్టూ పోలీసులు, విలేకరులు. ముసలమ్మలు, కుర్రాళ్ళు ఒక్కొక్కరూ లేచి వాళ్ళ భాషలో చెప్పారు. ఈ కొండ నియమ రాజుది, ఇక్కడి ఊటలే మా పంట, మేము ఇవ్వం అని. 12కి 12 ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి పూర్తిగా కాదంది.

బయటివాళ్ళ సాయం అక్కడ లేదని కాదు. వకీళ్ళు, పత్రికలవాళ్ళు, లండన్‌లో రంగు పూసుకున్నవాళ్ళు, అందరూ కొంత కొంత చేశారు. కానీ చివరి మాట కొండ మీద వాళ్ళదే. ఎవరూ పిట్టనెక్కి రాలేదు.

మన గడ్డ మీద కూడా ఇలాంటిది ముందే జరిగింది. విశాఖ ఏజెన్సీ అనంతగిరి మండలం నిమ్మలపాడు వైపు గిరిజన భూముల్లో కాల్సైట్ గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1/70 చట్టంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదని ఉంది కదా, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వడానికి లేదంది. ఇవాళ దేశంలో ఏ మూల ఆదివాసీ గని మీద కేసు వేసినా సమత తీర్పు పేరు వినబడుతుంది. ఆ పేరు మన మన్యం నుంచి వెళ్ళింది. చింతపల్లి, జెర్రెల కొండల బాక్సైట్ కోసం 2015లో తెచ్చిన జీవో 97 కూడా జనం ఊరూరా ఎదురు తిరిగాక 2019లో రద్దయింది.

ఇప్పుడు రెండో భాగానికి వద్దాం. బోరు కొట్టిందని అందరూ తిట్టే ఆ నడిమి గంట ఉంది చూశారా, మాకు సినిమా మొత్తంలో నిజమనిపించింది అదే.

జేక్ కుటుంబం అడవి వదిలి సముద్ర తెగ ఊరికి చేరుతుంది. పిల్లలకు ఈత రాదు, ఊపిరి ఆపడం రాదు, అక్కడి జంతువుల్ని ఎక్కడం రాదు. తోకలు సన్నగా ఉన్నాయని అక్కడి పిల్లలు నవ్వుతారు. చేతికి ఐదు వేళ్ళున్నాయని, నావీలకు నాలుగే కదా, ఎగతాళి చేస్తారు. పిల్లలు గొడవ పడితే వాళ్ళ నాన్న వెళ్ళి క్షమాపణ చెప్పమంటాడు, ఎందుకంటే మనం ఇక్కడ పరాయివాళ్ళం. కథ కదలడం లేదని థియేటర్లో సెల్లు తీసినవాళ్ళకు అది సాగదీత. గోదావరి ముంపు ఊళ్ళ పిల్లలకు అది సొంత కథ.

పోలవరం కింద ఖాళీ చేయాల్సిన కుటుంబాలు లక్షకు పైగా. అందులో కోయలు, కొండరెడ్లు ఎందరో. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు 2014లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి మారాయి. ఆ నిర్ణయం జరిగింది ఢిల్లీలో. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ ఊళ్ళు ఎలా మునిగాయో మనందరం చూశాం. కొండ మీద వెదురు కొట్టి, పోడు చేసి, జీలుగు చెట్టు ఎక్కి బతికినోళ్ళకు మైదానంలో వరసగా కట్టిన కాలనీలో ఇల్లు ఇస్తే, అక్కడ ఏ చెట్టు ఎవరిదో తెలియదు, ఏ దారిలో మేకను తోలొచ్చో తెలియదు. బడిలో పిల్లవాడు నోరు తెరిస్తే యాస విని నవ్వుతారు. నిర్వాసితుడి లెక్క పరిహారం కాగితంలో రూపాయల్లో ఉంటుంది. ఈ నవ్వు ఆ లెక్కలోకి రాదు. అంత పెద్ద సినిమా ఒక గంట సేపు ఆ నవ్వు మీద నిలబడిందంటే, కథ లేదనే అన్నలతో మేము ఒప్పుకోం.

తప్పు మాత్రం మళ్ళీ పాత చోటే ఉంది. అడవి వదలాలని ఎవరు అన్నారు? జేక్. నేటిరి వద్దంటుంది, ఇది నా నేల, నా వాళ్ళు అంటుంది. ఆమె మాట నెగ్గదు. తెగనంతా కూర్చోబెట్టి అడిగింది లేదు. ఇంతకంటే సముద్ర తెగే నయం. ఆశ్రయం అడిగినప్పుడు ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా మాట్లాడతారు, రోనల్ తన అనుమానాలు మొహం మీదే చెబుతుంది, ఆ తర్వాతే ఒప్పుకుంటారు. ఆ రెండు నిమిషాలు మాకు తిమింగలాల వేటకంటే పెద్ద సీను.

కాబట్టి సినిమా చూడండి, చూడకండి, అది మీ ఇష్టం. బొమ్మకు చప్పట్లు కొట్టండి. లకోటాల కోపాన్ని గౌరవించండి. ఇంటికి వెళ్ళాక మాత్రం ఒక పని చేద్దాం.

మన ఊళ్ళో గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గర ఉందో కనుక్కుందాం. అటవీ హక్కుల చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం, సభలో మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది ఉండాలి, హాజరైనవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఉన్నారా? ఎవరెవరి సంతకాలు, ఎవరెవరి వేలిముద్రలు ఉన్నాయి? సభ జరగని రోజున సభ జరిగినట్టు రాసి ఉందా? చదువుకున్నవాళ్ళం మనం. మన అమ్మ, మన తాత వేలిముద్ర ఏ వాక్యం కింద పడిందో చదివి వాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పడం మన పని. లకోటాల కొండలు పోయింది చాలని సంతకాలతో. నియమగిరి నిలిచింది 12 ఊళ్ళ తీర్మానాలతో.

మన ఊరి పుస్తకం ఒకసారి తెరిచి చూద్దాం. చూసినవాళ్ళు ఇక్కడ రాయండి.

మావ నాటే మావ రాజ్. జోహార్.