కొండవాలు, గాజు, వెలుతురు: వేట దుర్భిణి ఎంపికకు ఒక చరిత్ర

ఉపోద్ఘాతం

స్కాట్లాండ్ ఉత్తర కొండసీమలో ‘డీర్ ఫారెస్ట్’ అన్న పేరు విని చెట్లున్న అడవిని ఊహించుకోరాదు. అది హెదర్ పొదలు, ఊబినేలలు, రాతిగుట్టలు తప్ప మరో చాటు దొరకని విశాలమైన కొండవాలు. మైలు దూరాన అక్కడ పడుకున్న ఎర్రజింకకూ గోధుమరంగు బండరాయికీ ఉత్త కంటికి తేడా తెలియదు. గాలి మళ్ళితే చాలు, మనిషి వాసన పసిగట్టి మంద మొత్తం కొండ దాటిపోతుంది. అందుచేత అక్కడి వేటలో అడుగు వేయడానికి ముందే చూడవలసినదంతా చూసి ఉండాలి. నేడు స్పాటింగ్ స్కోప్ అని పిలుస్తున్న వేట దుర్భిణికి ఈ అవసరమే పుట్టినిల్లు.

మధ్యతరహా ధరలో ఎటువంటి దుర్భిణి కొనాలి అన్నది పైకి అంగడి ప్రశ్న. దానికి రెండు వందల ఏండ్ల చరిత్ర ఉంది. కొనేవారు మొదట అడిగేది ‘ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?’ అని. కొండ మీద అక్కరకు వచ్చినది మాత్రం ఎప్పుడూ వెలుతురే. ‘మధ్యతరహా ధర’ అన్నది సైతం దానంతట అది ఏర్పడలేదు. దాని వెనుక పన్నులు, యుద్ధాలు, ఓడల మీద వచ్చిన సరుకు ఉన్నాయి. ఈ రెండు అంశాలను కలిపి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాజు, పన్ను

ఒకే గాజుతో చేసిన కటకం చూసే వస్తువు చుట్టూ రంగుల అంచులు పులుముతుంది. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులను జతచేసి ఈ దోషాన్ని తగ్గించవచ్చునని చెస్టర్ మూర్ హాల్ ముందే గ్రహించినా, 1758లో పేటెంటు పొందినవాడు లండన్ వర్తకుడు జాన్ డాలండ్. పేటెంటు గడువు తీరాక ఇతర పనివారు కూడా ఈ కటకాలను స్వేచ్ఛగా చేయగలిగారు. ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాల అమరిక వాడుకలోకి రావడంతో, జానెడు పొడవున చంకకు తగిలించుకొని పోగల దుర్భిణి సాధ్యమైంది.

కాని మేలైన ఫ్లింట్ గాజు పెద్ద ముక్కలుగా దొరకడం దుర్లభం. బ్రిటన్‌లో గాజుపై ఎక్సైజు సుంకం ఉండేది. కొలిమి దగ్గర అధికారి కాపలా ఉన్నచోట కొత్త ప్రయోగాలకు చేయి ఆడదు. ఆ సుంకం 1845లో రద్దయింది. కరిగిన గాజును కలియబెట్టి సమరూపత సాధించే స్విస్ పద్ధతి తెలిసిన జార్జ్ బాంటాంప్ 1848లో బర్మింగ్‌హామ్ సమీపంలోని చాన్స్ సోదరుల కర్మాగారానికి వచ్చాడు. ఆ తరువాతి తరంలో వేట దుర్భిణి జమీందారుల ఇండ్లు దాటి వారి వేట ఉద్యోగుల చేతికి చేరడానికి ఈ రెండు పరిణామాలు తోడ్పడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న విశేషం. పొడవు మారే గొట్టంతో దృశ్యాన్ని కోరినంత పెద్దది చేసుకునే ‘పాన్‌క్రాటిక్’ అమరికను 1820లలో ప్రచారం చేసినవాడు విలియం కిచినర్. పాఠకలోకానికి అతడు వంటల పుస్తకం వ్రాసినవాడుగా ఎక్కువ తెలుసు. నేటి జూమ్ కటకానికి ఇది ముత్తాత అనుకోవచ్చు.

కన్ను ఎవరిది, తుపాకి ఎవరిది

విలియం స్క్రోప్ 1838లో జింకల పొంచివేటపై గ్రంథం ప్రకటించాడు. విక్టోరియా రాణి కుటుంబం 1848లో బాల్మోరల్‌కు రావడంతో ఈ వేట గొప్పింటివారి ఆచారంగా స్థిరపడింది. తుపాకి దొరది. దుర్భిణి మాత్రం ‘స్టాకర్’ అనే ఉద్యోగిది. కొండ భాష గేలిక్, కొండ గాలి రెండూ తెలిసినవాడు అతడే. వెల్లకిలా పడుకొని, చేతికర్రకో మోకాలికో దుర్భిణిని ఆనించి, వాలును అడుగడుగునా వెదికి, ఏ జింక చావాలో తేల్చేవాడు అతడు. దొర ప్రేలుస్తాడు. కొమ్ముల కింద గోడపై చెక్కే పేరు దొరదే.

ఆ ఖాళీ కొండలు అసలు ఖాళీవి కావు. రైతు కుటుంబాలను తొలగించి గొర్రెలను, ఉన్ని ధర పడిపోయాక గొర్రెలను తొలగించి జింకలను అక్కడ నిలిపారు. తమ భూములు పోయాయని, మిగిలిన పైరును జింకలు మేస్తున్నాయని కౌలురైతులు చెప్పుకొన్న సాక్ష్యాలను 1883లో ఒక రాజ్య సంఘం నమోదు చేసింది. దాని అధ్యక్షుడు ఫ్రాన్సిస్ నేపియర్. 1866 నుండి 1872 వరకు మదరాసు గవర్నరుగా మన కోస్తా, రాయలసీమ జిల్లాలను పాలించినవాడు ఇతడే. 1886 నాటి చట్టం కౌలురైతులకు భూమిపై కొంత భద్రత కలిగించింది. తాతలు సాగుచేసిన నేల మీదనే జీతానికి దుర్భిణి పట్టిన స్టాకర్లు ఎందరో ఉండి ఉంటారు. ఆ సాధనం చరిత్ర వ్రాసేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టలేము.

వెలుతురు లెక్క

స్టాకర్లు ఎక్కువగా ఇష్టపడినది ఇరవై రెట్ల ప్రాంతపు దుర్భిణి. కారణం లెక్కలో ఉంది. ముందుకటకం వ్యాసాన్ని పెద్దచేసే రెట్లతో భాగిస్తే, కంటిలోకి వచ్చే కాంతిపుంజపు వెడల్పు తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకం, 20 రెట్లు అయితే ఆ వెడల్పు 2.5 మిల్లీమీటర్లు. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప దాదాపు అంతే ఉంటుంది కనుక లోటు తెలియదు. జింకలు కదిలే వేళలు తెల్లవారుజాము, మునిమాపు. అప్పుడు కంటిపాప ఆరేడు మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. అదే దుర్భిణిలో 30 రెట్లకు పోతే పుంజం 1.7 మిల్లీమీటర్లకు తగ్గి, దృశ్యపు కాంతి సగానికన్నా తక్కువవుతుంది. జింక పెద్దదిగా కనిపిస్తుంది, కాని అది మగదో ఆడదో చెప్పలేము.

పాత గొట్టపు దుర్భిణులకు మరో నష్టం ఉంది. పూత లేని గాజు ఉపరితలం ప్రతిదీ సుమారు నాలుగు శాతం కాంతిని వెనక్కు తిప్పుతుంది. నిటారు దృశ్యం కోసం వరుసగా పెట్టిన కటకాలలో పది ఉపరితలాలు దాటేసరికి మూడోవంతు వెలుతురు పోతుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించిన ప్రతిఫలన నిరోధక పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. నా దృష్టిలో వేట దుర్భిణి చరిత్రలో రెట్ల పెరుగుదల కన్నా ఇది ముఖ్యమైన మలుపు.

జింక నుండి మనిషికి

బోయర్ యుద్ధకాలంలో, 1900 జనవరిలో, లార్డ్ లోవాట్ కొండసీమ స్టాకర్లను, వారి సహాయకులైన గిల్లీలను చేర్చుకొని ‘లోవాట్ స్కౌట్స్’ దళాన్ని ఏర్పరచాడు. జింకలను వెదికిన కళ్ళు దక్షిణాఫ్రికా గుట్టలపై మనుషులను వెదికాయి. మొదటి ప్రపంచయుద్ధంలో వేటగాడు, రచయిత అయిన హెస్కెత్ ప్రిచర్డ్ ఫ్రాన్సులో గురిచూపరులకు, పరిశీలకులకు పాఠశాల నడిపాడు. 1920లో వచ్చిన అతని గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. శత్రువు కందకం గట్టున ఎండ కాచుకుంటున్న పిల్లిని పరిశీలకులు దుర్భిణిలో చూశారు. పెంపుడు పిల్లి ఉన్నదంటే అక్కడ అధికారుల స్థావరం ఉండాలని ఊహించారు. ఆ స్థలంపై ఫిరంగులు పేల్చారు. కొండ మీద నేర్చిన చూపు ఎంత సూక్ష్మమైనదో, ఎంత నిర్దయమైనదో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

సైన్యం కోసం ‘స్కౌట్ రెజిమెంట్’ పేరుతో సుమారు ఇరవై రెట్ల మూడు గొట్టాల దుర్భిణులను అనేక సంస్థలు పెద్దయెత్తున చేశాయి. యుద్ధాలు ముగిశాక అవి మిగులు సరుకుగా బజారుకు వచ్చాయి. అంతకుముందు మంచి దుర్భిణి కావాలంటే దొరవారి బహుమతి కావాలి, లేదా నెలల జీతం కూడబెట్టాలి. ఇప్పుడు తోలు సంచితో సహా తక్కువ ధరకు దొరికింది. స్టాకర్లు కొన్నారు, పక్షి పరిశీలకులూ కొన్నారు. మధ్యతరహా ధర అనే మెట్టు ఇక్కడ ఏర్పడింది.

దాని తరువాతి మెట్టు జపాన్‌ది. ఓడిన దేశంలోని కటకాల కర్మాగారాలు ఎగుమతికి మళ్ళాయి. అమెరికాలో డేవిడ్ బుష్నెల్ 1948లో జపాన్ దుర్భిణులను దిగుమతి చేసి అమ్మడం ప్రారంభించాడు. గొట్టాల వరుస పోయి పట్టకాలు వచ్చాయి, ముందుకటకం 60 మిల్లీమీటర్లకు స్థిరపడింది. అక్కడి అవసరం వేరు. అలాస్కాలో డాల్ జాతి కొండపొట్టేలును చట్టబద్ధంగా కాల్చాలంటే, కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ములూ విరిగి ఉండాలి, లేదా దానికి ఎనిమిదేండ్లు నిండి ఉండాలి. వయస్సు కొమ్ముమీది వలయాలలో ఉంటుంది. లోయకు ఆవలినుండి వాటిని లెక్కపెట్టవలసి రావడమే నేటి 20–60 రెట్ల జూమ్‌కు బలమైన సమర్థన. లెక్క తప్పితే పొట్టేలూ పోతుంది, వేటగాడూ నేరస్థుడవుతాడు.

అయినా పాత లెక్క మారలేదు. 60 మిల్లీమీటర్ల కటకాన్ని 60 రెట్లకు పెంచితే పుంజం ఒక్క మిల్లీమీటరే. ఖరీదైన గాజు ఆ స్థితిని కొంత కాపాడుతుంది, మధ్యతరహా గాజు కాపాడలేదు. కనుక ఆ ధరలో కొనేవారు పెట్టెమీది పెద్ద అంకెను వదలి, 20 నుండి 40 రెట్ల మధ్య దృశ్యం అంచుదాకా స్పష్టంగా ఉందా, సంధ్యవేళ రంగు తెలుస్తున్నదా అని చూసుకోవాలి. మిగిలిన డబ్బును కదలని ముక్కాలికి పెట్టడం మేలు. నాటి స్టాకరు మోకాలు చేసిన పని నేడు ముక్కాలిది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఈ సాధనం పక్షి పరిశీలకుల చేతిలోనే మిగిలింది. పులికాట్ సరస్సు ఒడ్డున నిలిచి దూరపు నీటిపక్షి కాలికి కట్టిన రంగుపట్టీ మీది అక్షరాలు చదవబోయేవారికి పొట్టేలు వలయాలు లెక్కించేవారి ఇక్కట్టే ఎదురవుతుంది. పొద్దెక్కి ఉప్పునేల వేడెక్కగానే గాలి అలలుగా కదులుతుంది. అప్పుడు అరవై రెట్లలో కనిపించేది ఆ అలే. జూమ్‌ను ముప్పైకి దించుకోవాలి, లేదా మరునాడు తెల్లవారకముందే వచ్చి నిలవాలి.