నిజామాబాద్ – బోధన్ ప్రాంత కళాశాలల్లో భద్రత, అత్యవసర సన్నద్ధత

నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చెరకు ప్రాంతంలోనూ, వాటి పొరుగునూ ఉన్న కళాశాలలు, హాస్టళ్లలో విద్యార్థుల ప్రాణరక్షణకు ఏర్పడిన చట్టాలు, వ్యవస్థల చరిత్ర ఇది. అగ్ని ప్రమాదం, ర్యాగింగ్, లైంగిక వేధింపు, మెస్ భోజనం, విహారయాత్ర, మానసిక ఒత్తిడి, వరద అన్నీ దీని కిందికి వస్తాయి. వీటిని వరుసగా చూస్తూ పోతే ఒక సంగతి స్పష్టమవుతుంది. దాదాపు ప్రతి నియమమూ ఎక్కడో ఎవరి బిడ్డో పోయాకే వచ్చింది. ఆ మరణాల్లో చాలా మటుకు ఈ జిల్లాకు బయట జరిగినవే. కానీ వాటి నుంచి పుట్టిన నియమాలు ఇక్కడి ప్రతి ప్రిన్సిపాల్‌కూ వర్తిస్తాయి.

కార్ఖానాలో ఉన్న చట్టం

ఈ ప్రాంతంలో భద్రత అనే విషయం రాతపూర్వకంగా మొదట కనిపించింది చక్కెర ఫ్యాక్టరీలో. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. బాయిలర్లు, ఆవిరి గొట్టాలు, చెరకు గానుగలు, మరిగే రసం ఉన్న చోట మనిషి కాలుచేతులకు పూచీ ఉండదు. అందుకే 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్క కట్టి మరీ చెప్పింది: ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి, అది శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాలి, 500 మంది దాటితే అంబులెన్స్ గది ఉండాలి, మంటలు లేస్తే బయటపడే దారులు కార్మికులకు ముందే తెలిసి ఉండాలి. వీటిని చూసేందుకు ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు, తప్పితే శిక్ష పడేది.

నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల 1956లో ఏర్పడింది. అది, ఆ తర్వాత వచ్చిన డిగ్రీ కళాశాలలు దశాబ్దాల పాటు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద నడిచాయి. ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్నంత స్పష్టమైన చట్టం అతని కొడుకు చదివే కాలేజీకి లేదు. ఐదు వందల మంది పిల్లలున్న చోట అంబులెన్స్ గది మాట అటుంచి, దూది, గాజుగుడ్డ, టించర్ ఉన్న ఒక పెట్టె తప్పనిసరిగా ఉండాలని అడిగేవారు లేరు. ఇంత కాలం ఇది ఎవరికీ వింతగా తోచకపోవడం బాధాకరం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కాలేజీలు, వాటి హాస్టళ్లు మాత్రం పెరుగుతూనే వచ్చాయి.

ఆ రోజుల్లో క్యాంపస్ భద్రత అంటే గొడవలు ఆపడం, పోలీసులను పిలవడం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డి హత్య తెలంగాణ కళాశాలలన్నింటినీ కుదిపేసింది. విద్యార్థి సంఘాల ఘర్షణలను శాంతిభద్రతల సమస్యగా చూశారే తప్ప, విద్యార్థి ప్రాణానికి సంస్థ బాధ్యురాలన్న ఆలోచన అప్పటికి బలపడలేదు.

ర్యాగింగ్ నిషేధం

ఆ ఆలోచనకు చట్టరూపం ఇచ్చింది 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం. ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు. మరణానికి గానీ ఆత్మహత్యకు గానీ దారితీస్తే యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు. అయితే దీనిలో అసలు బలం మరో సెక్షన్‌లో ఉంది: ఫిర్యాదు అందాక సంస్థ అధిపతి పట్టించుకోకపోతే అతనూ నేరానికి తోడ్పడినవాడే అవుతాడు. ప్రిన్సిపాల్ కుర్చీకి నేర బాధ్యతను ముడిపెట్టిన ఈ నిబంధనను కాగితం మీద నుంచి దించి వాడుకున్న సందర్భాలు తక్కువ.

2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి మరణించాక, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అదే ఏడాది జూన్‌లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణపత్రాలు ఇవ్వడం, ర్యాగింగ్ వ్యతిరేక కమిటీ, హాస్టళ్లలో ఆకస్మిక తనిఖీలు చేసే స్క్వాడ్, 1800-180-5522 హెల్ప్‌లైన్ అలా వచ్చినవే. అయినా 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాల పీజీ విద్యార్థిని మరణం, సీనియర్ల వేధింపు ఆరోపణలు రాష్ట్రాన్ని కలచివేశాయి.

మెట్ల దారి

అగ్ని భద్రత కథ తమిళనాడులో మొదలవుతుంది. 2004 జులై 16న కుంభకోణంలోని ఒక పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది చిన్నారులు చనిపోయారు. దాని మీద నడిచిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, సురక్షితమైన భవనంలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచే అగ్నిమాపక సేవల చట్టం ఉంది. దాని కింద విద్యాసంస్థల వంటి జనం చేరే భవనాలు ఆరు మీటర్ల ఎత్తు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలన్న నియమం వచ్చింది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం విద్యాసంస్థ మెట్లు కనీసం ఒకటిన్నర మీటర్ల వెడల్పుండాలి. ఒక్కో అంతస్తు 500 చదరపు మీటర్లు మించితే రెండు మెట్ల దారులు ఉండాలి.

పట్టణాల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీ సాధారణంగా ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ నియమం ఎక్కడ తేలిపోతుందో చెప్పనక్కర్లేదు. కింద దుకాణాలు, పైన రెండు మూడు అంతస్తుల్లో తరగతులు, ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి. ఆ దారి మొదట్లోనే గోడకు కరెంటు మీటర్ల వరుస, దాని కింద పిల్లల సైకిళ్లు, విరిగిన బెంచీలు. షార్ట్ సర్క్యూట్ అయ్యేది సరిగ్గా అక్కడే. మంట కంటే ముందు పొగ పైకి లేస్తుంది, మెట్ల గూటి నిండా కమ్ముకుంటుంది, దిగాల్సిన పిల్లలకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. కారిడార్ చివర ఇనుప గ్రిల్ ఉండి, దానికి తాళం వేసి ఉంటే ఇక చెప్పేదేముంది. గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ మీద చిన్న గడియారం లాంటి మీటరు ఉంటుంది. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉంటేనే లోపల ఒత్తిడి ఉన్నట్టు. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకేసి తిప్పి, మీట నొక్కాలి. నేర్పడానికి పది నిమిషాలు చాలు.

ఇలాంటి మిశ్రమ వినియోగ భవనాల్లోని జూనియర్ కాలేజీలకు గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్నది తెలంగాణలో ఇంచుమించు ఏటా తలెత్తే వివాదమైంది. విద్యార్థుల చదువు ఆగకూడదని హోంశాఖ గడువు పెట్టి మినహాయింపులు ఇస్తూ వచ్చింది. 2019 మే 24న సూరత్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఉన్న భవనం కాలి 22 మంది విద్యార్థులు చనిపోయాక తనిఖీలు జోరందుకున్నాయి గానీ, మినహాయింపుల పద్ధతి పూర్తిగా పోలేదు.

బియాస్ నది, మాసాయిపేట గేటు

2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్ బాచుపల్లిలోని వీఎన్‌ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు తెరిచారు. 24 మంది విద్యార్థులు, యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి గాలించారు. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం విధించి, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, ప్రభుత్వంతో పాటు కళాశాల మీద కూడా వేసింది. గేటు బయట జరిగినదానికి మాకేం సంబంధమని కాలేజీలు అనగలిగే రోజులు ఆ తీర్పుతో పోయాయి.

అదే ఏడాది జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న పాఠశాల బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. పది మందికి పైగా పిల్లలు చనిపోయారు. అది నిజామాబాద్ మీదుగా పోయే రైలు మార్గమే. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ 2019 నాటికి తొలగిపోయాయి.

2015లో యూజీసీ క్యాంపస్ లోపలా బయటా విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది. విహారయాత్రల నియమాలు, ప్రథమ చికిత్స శిక్షణ, విపత్తు సన్నద్ధత, కౌన్సెలింగ్ అందులో ఉన్నాయి. వాటితో పాటే ఎత్తైన ప్రహరీ, ముళ్ల కంచె, సీసీ కెమెరాలూ ఉన్నాయి. గోడల మీద పెట్టిన శ్రద్ధ మనుషులకు నేర్పడం మీద పెట్టి ఉంటే ఆ మార్గదర్శకాలకు విలువ పెరిగేది.

ఆడపిల్లల విషయంలో లైంగిక వేధింపులపై వచ్చిన 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం, దానికి అనుగుణంగా 2016లో యూజీసీ నోటిఫై చేసిన నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేశాయి. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మహిళల భద్రతకు మొదలైన పోలీసు షీ టీములు మరుసటి ఏప్రిల్ నుంచి నిజామాబాద్ సహా అన్ని జిల్లాలకూ విస్తరించాయి.

డిచ్‌పల్లి, బాసర

తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడి, తొలి రోజుల్లో గిరిరాజ్ కళాశాలలోనే నడిచి, తర్వాత డిచ్‌పల్లికి మారింది. నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల 2013లో వచ్చింది. ఊరి మధ్య కళాశాలలో పిల్లకు ఏదైనా అయితే ఆటోలో ఆసుపత్రికి చేర్చేవారు. డిచ్‌పల్లిలో లాగా ఊరికి దూరంగా జాతీయ రహదారి పక్కన, రాత్రంతా వందల మంది ఉండే క్యాంపస్‌లో ఆ లెక్క కుదరదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇలాంటి చోట్లకు పెద్ద దిక్కయింది.

పొరుగునే గోదావరి అవతలి గట్టున బాసర ఆర్జీయూకేటీ ఉంది. 2008లో పెట్టిన ఈ సంస్థలో పదో తరగతి ముగించిన పల్లె పిల్లలు ఆరేళ్ల కోర్సుకు చేరతారు. పదిహేను, పదహారేళ్ల వయసులో వేల మంది ఒకే చోట ఉండి, ఒకే మెస్‌లో తింటారు. 2022 జూన్‌లో శాశ్వత ఉపకులపతి, మంచి భోజనం, వసతులు కోరుతూ వాళ్లు ఎండలో, వానలో బైఠాయించారు. వారం తర్వాత విద్యాశాఖ మంత్రితో చర్చించి విరమించారు. నెల తిరగలేదు, జులై 15న మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు వాంతులు, కడుపునొప్పితో పడిపోయారు. అస్వస్థులు వంద దాటారు. పరిస్థితి బాగాలేని కొందరిని నిజామాబాద్ ఆసుపత్రికి తరలించారు. అడిగినప్పుడు వినివుంటే ఆ అంబులెన్సుల అవసరం పడేది కాదు. ఆగస్టు 7న గవర్నర్ స్వయంగా క్యాంపస్‌కు వచ్చి పిల్లలతో మాట్లాడారు.

కౌన్సెలర్, ఆపైన వాన

2023 తొలి నెలల్లో నిజామాబాద్ వైద్య కళాశాల విద్యార్థులు ఇద్దరు బలవన్మరణం పాలవడం జిల్లాను కలచివేసింది. అప్పటికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు మొదలై కొన్ని నెలలే. 2025 జులై 25న, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేట్టు రాయాలి. పార్లమెంటు చట్టం చేసేదాకా ఇదే చట్టమని కోర్టు చెప్పింది. బోధన్‌లోని ఒక చిన్న జూనియర్ కాలేజీకీ ఇది వర్తిస్తుంది.

ఆ తీర్పు వచ్చిన నెలకు, ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద అసాధారణమైన వాన కురిసింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రోడ్లు, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. రామాయంపేటలో నీళ్లు చుట్టుముట్టిన మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్ నుంచి అమ్మాయిలను సహాయక బృందాలు బయటికి తీసుకువచ్చాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి జిల్లాకూ, కలెక్టర్ అధ్యక్షతన పనిచేసే జిల్లా సంస్థ తయారుచేసే ఒక ప్రణాళిక ఉండాలి. ఏ హాస్టల్ ఏ చెరువు అలుగు కింద ఉంది, నీళ్లొస్తే పిల్లలను ఏ గట్టుకు చేర్చాలి, తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది అన్న వివరాలు ఆ ప్రణాళికలో పేరుపేరునా ఉండాల్సినవే.