అజ్టెక్ దేవతలు

నేటి మెక్సికో నగరం ఉన్న చోటనే ఒకప్పుడు తెస్కోకో సరస్సు మధ్య తెనోచ్‌తిత్లాన్ అనే రాజధాని ఉండేది. దాన్ని కట్టుకున్న మెషికా ప్రజలూ, వారిలాగే నావాత్ల్ భాష మాట్లాడే చుట్టుపక్కల రాజ్యాలవారూ కొలిచిన దేవతలే అజ్టెక్ దేవతలు. వీరిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క శాఖ అప్పజెప్పి చూస్తే ఈ మతం అర్థం కాదు. ఒకే దేవత పలు రూపాల్లో కనిపిస్తుంది, ఒకే పనికి పలువురు దేవతలుంటారు. పైగా మెషికాలు ఎదిగేకొద్దీ వారి దేవతల వరుస కూడా మారుతూ వచ్చింది.

రాజధాని నడిబొడ్డున ఉన్న మహాలయం శిఖరాన రెండు గుళ్లుండేవి. ఉత్తరాన వానదేవుడు త్లాలోక్, దక్షిణాన సూర్యుడికీ యుద్ధానికీ దేవుడైన హ్విట్సిలోపోచ్‌ట్లి. మొక్కజొన్న పంటా, ఓడిన రాజ్యాలు చెల్లించే కప్పమూ మెషికాలను బతికించాయి. ఆ రెంటికీ మూలమైన దేవతలే పక్కపక్కన కొలువుదీరారు.

హ్విట్సిలోపోచ్‌ట్లి మెషికాల సొంత దేవుడు. అస్త్‌లాన్ అనే పూర్వ స్థలం నుంచి తమను నడిపించి, నాగజెముడు మీద గద్ద వాలిన చోట ఊరు కట్టమన్నది ఇతనేనని వారి నమ్మకం. ఆ ఊరు 1325లో వెలసిందని సంప్రదాయం చెబుతుంది. అతని పుట్టుక కథ ఇది: కోఆతెపెక్ కొండ మీద ఊడుస్తున్న కోఆత్లిక్వే తనకు దొరికిన ఈకల బంతిని నడుము దగ్గర దోపుకొని గర్భవతి అయింది. అది అవమానమని కూతురు కొయోల్‌షౌకి, నాలుగు వందల మంది తమ్ముళ్లను వెంటబెట్టుకొని తల్లిని చంపడానికి వచ్చింది. ఆ క్షణాన ఆయుధాలతో సహా పుట్టిన హ్విట్సిలోపోచ్‌ట్లి అక్కను నరికి కొండ కిందికి దొర్లించాడు. చీకటిని, నక్షత్రాలను ఉదయసూర్యుడు గెలవడమే ఇందులోని అర్థమని కొందరు పండితులు వివరించారు.

మహాలయం ఆ కథకే రాతి రూపం. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ కార్మికులు వీధి తవ్వుతుండగా, ముక్కలైన కొయోల్‌షౌకిని చెక్కిన పెద్ద గుండ్రటి రాయి బయటపడింది. అది ఉన్నది సరిగ్గా హ్విట్సిలోపోచ్‌ట్లి గుడి మెట్ల అడుగున. పైన బలి అయినవారి దేహాలు మెట్ల మీదుగా అక్కడికే దొర్లేవి. ఆ తర్వాత ఎద్వార్దో మాతోస్ మొక్తెసూమా నాయకత్వంలో సాగిన తవ్వకాలు అజ్టెక్ మతం గురించిన మన అవగాహననే మార్చేశాయి.

ఈ నరబలుల వెనుక ఋణభావం ఉంది. ఇప్పటి లోకానికి ముందు నాలుగు సూర్యయుగాలు నశించాయనీ, ఐదో సూర్యుడి కోసం దేవతలు తెయోతివాకాన్ అనే ప్రాచీన నగరంలో సమావేశమయ్యారనీ కథ. గర్విష్ఠి తెకూసిస్తేకత్ల్ నాలుగుసార్లు వెనక్కి తగ్గితే, ఒళ్లంతా పుళ్లున్న నానావాత్సిన్ మంటలో దూకి సూర్యుడయ్యాడు. ఆ సూర్యుడు కదలడానికి దేవతలంతా ప్రాణాలిచ్చారు. కాబట్టి మనుషులు ఆ బాకీ తీర్చాలి. ఈ భావన ప్రాచీనమైనదే. అయితే 1428లో మూడు నగరాల కూటమి ఏర్పడి రాజ్యం విస్తరించాక అది దండయాత్రలకు సమర్థనగానూ మారింది. అప్పటి రాజు ఇత్స్‌కోఆత్ల్ పాత చిత్రగ్రంథాలను కాల్పించాడని చెబుతారు. హ్విట్సిలోపోచ్‌ట్లి సూర్యస్థానానికి ఎక్కడం ఈ రాజకీయాల నుంచి విడదీయరానిదని నా అభిప్రాయం.

త్లాలోక్ మెషికాలకంటే చాలా పాతవాడు. కళ్లజోడు లాంటి వలయాలూ కోరలూ ఉన్న వానదేవుడి రూపం తెయోతివాకాన్ కాలం నుంచే ఉంది. ప్రవహించే నీటికి అధిదేవత చాల్చివిత్లిక్వే. నీళ్లలో మునిగి, పిడుగు పడి పోయినవారు త్లాలోక్ పచ్చని లోకానికి వెళ్తారు. యుద్ధంలో మరణించిన వీరులు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా, ప్రసవంలో మరణించిన స్త్రీలు అక్కణ్నుంచి అస్తమయం దాకా సూర్యుడి వెంట నడుస్తారు. తక్కినవారు మిక్త్‌లాన్‌తెకూత్లి ఏలే పాతాళానికి నాలుగేళ్ల ప్రయాణం చేయాలి. గతిని నిర్ణయించేది ముఖ్యంగా మరణం వచ్చిన తీరు. వాన కోసం త్లాలోక్‌కు పిల్లలను బలి ఇచ్చేవారు. మహాలయంలో ఒకచోట దొరికిన 42 మంది పిల్లల అవశేషాలు 1450ల కరువు నాటివని పరిశోధకుల అంచనా.

కెట్సల్‌కోఆత్ల్ అనే ఈకల సర్పం గాలికి, శుక్రగ్రహానికి, విద్యకు, పూజారులకు దేవుడు. పాతాళం నుంచి ఎముకలు తెచ్చి, వాటిపై తన రక్తం చిందించి మనుషులను సృష్టించాడంటారు. స్పెయిన్ సేనాని కోర్తెస్‌ను చూసి ఈ దేవుడే తిరిగి వచ్చాడని మెషికాలు భ్రమపడ్డారన్న కథ, ఆక్రమణ తర్వాత పుట్టిందని చాలామంది చరిత్రకారులు భావిస్తున్నారు. కెట్సల్‌కోఆత్ల్ ప్రత్యర్థి తెస్కత్లిపోకా. అగ్నిశిలతో చేసిన నల్లని అద్దం ఇతని గుర్తు. రాజులకు అధికారం ఇచ్చేదీ, క్షణంలో లాక్కునేదీ ఇతనే. తోష్‌కత్ల్ పండుగకు ఒక అందమైన బందీ యువకుడు ఏడాదంతా తెస్కత్లిపోకాగా గౌరవాలందుకొని, చివర వేణువులు విరుస్తూ మెట్లెక్కి బలయ్యేవాడు. ఒలిచిన మనిషి చర్మం కప్పుకున్న షిపే తోతెక్ అనే దేవుడు వసంతంలో పొట్టు వదిలి మొలకెత్తే గింజకు ప్రతీక అని ఒక వ్యాఖ్య.

1521 ఆగస్టు 13న రాజధాని పడిపోయింది. గుళ్లు కూల్చి ఆ రాళ్లతోనే కొత్త నగరం కట్టారు. ఈ దేవతల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం, ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దె సహగూన్ స్థానిక పండితులతో కలిసి రాయించిన 12 భాగాల గ్రంథం నుంచి వచ్చింది. 1790లో ప్రధాన కూడలిలో కోఆత్లిక్వే మహావిగ్రహం బయటపడితే, స్థానికులు దాన్ని పూజించడం మొదలుపెట్టారని అధికారులు మళ్లీ పాతిపెట్టించారు. అయినా ఆ ఆరాధన పూర్తిగా పోలేదు: గెరెరో రాష్ట్రంలో నావాత్ల్ మాట్లాడే నావా గ్రామాల్లో మే మొదటివారంలో శిలువ పండుగనాడు కొండల మీద నైవేద్యాలు పెట్టి ఇప్పటికీ వాన అడుగుతారు.