జీను కింది సూది

గెలుపు అంచుదాకా వచ్చిన రౌతు ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. పాము కరిచిందంటారు. ఇలా పోయినవాళ్ళంతా బహుమతి డబ్బుకు బెత్తెడు దూరంలో ఉన్నవాళ్ళే. అసలు సంగతి పాము కాదు, గుర్రం జీను కింద దాచిన విషపు సూది. 1934లో వచ్చిన ‘ది మ్యాన్ ఫ్రమ్ యూటా’ సినిమాకు కీలకం ఈ సూదే. మార్షల్ పంపితే పోటీదారుడిగా బరిలోకి దిగి, ముఠా గుట్టు లాగేవాడు జాన్ వేన్. 1930లో తీసిన ‘ది బిగ్ ట్రైల్’ దెబ్బతినడంతో అతను చవక సినిమాల్లో పడ్డ రోజులవి. లోన్‌స్టార్ సంస్థ తీస్తే మోనోగ్రామ్ విడుదల చేసిన ఈ బొమ్మ గంట కూడా ఉండదు. రోడియో పోటీ, పశువుల ఊరు, పందెం డబ్బు, మోసం. ఇవన్నీ ఒక్క కథలోకి ఎలా చేరాయో తెలియాలంటే హాలీవుడ్ వదిలి మందల వెంట వెనక్కి నడవాలి.

రోడియో అనే మాట స్పానిష్‌ది. చుట్టుముట్టడం అనే అర్థం నుంచి పుట్టింది. కంచెల్లేని బీళ్ళలో అందరి పశువులూ కలిసి మేసేవి. మెక్సికో పశుకాపరులైన వకేరోలు వాటిని చుట్టుముట్టి ఒకచోటికి తోలి, ఎవరివి వాళ్ళకు వేరుచేసేవారు. తల్లి ఏ ముద్రతో ఉంటే దూడకు ఆ ముద్రే. ఉచ్చు విసిరి దూడను పడగొట్టడం, కాల్చిన ఇనుముతో వాత వేయడం వాళ్ళ దగ్గరే అమెరికన్ కౌబాయ్‌లు నేర్చుకున్నారు. పొలానికి పట్టా ఎలాగో పశువుకు ఆ వాత అలాగ. కాబట్టి దొంగ చేయవలసిన పని కూడా అక్కడే ఉంది: పాత ముద్రకు నాలుగు గీతలు కలిపి కొత్త ముద్రగా మార్చడం. నేర్పుకూ నేరానికీ పనిముట్లు ఒకటే. 1892లో వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో పెద్ద మందల ఆసాములు, పశువుల దొంగలని తాము ముద్ర వేసినవాళ్ళ మీదికి కిరాయి తుపాకులను పంపేదాకా వెళ్ళింది ఆ తగాదా.

పని చేసేచోట ఎవడు మొనగాడన్న మాట రాక మానదు. మన ఎడ్ల బలం పొలం దాటి బండలాగుడు పందెంలోకి వచ్చినట్టే, అక్కడ ఉచ్చు విసరడం, పొగరు గుర్రాన్ని లొంగదీయడం పందేలయ్యాయి. 1883 జులై 4న టెక్సస్‌లోని పేకోస్‌లో పోటీ పడ్డారు. 1888లో అరిజోనాలోని ప్రెస్కాట్ టికెట్ పెట్టి, బహుమతులిచ్చి పోటీ నడిపింది. 1897లో వయోమింగ్‌లోని షయాన్, 1910లో ఆరెగాన్‌లోని పెండిల్టన్ ఏటేటా జరిగే ఉత్సవాలు మొదలుపెట్టాయి. ఎద్దును వట్టి చేతులతో మెడ తిప్పి పడగొట్టే విద్యకు పేరు తెచ్చినవాడు టెక్సస్ నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్. తర్వాతి కాలంలో స్వారీకి దించిన బ్రాహ్మన్ ఎద్దుల మూపురంలో మనకూ కాస్త వాటా ఉంది. గిర్, గుజరాత్ జాతులతో పాటు, వాళ్ళు నెల్లూరు అని పిలిచే మన ఒంగోలు జాతి నెత్తురూ ఆ సంకరంలో కలిసింది.

అయితే పందెం పెరిగిన కాలంలోనే పని తరిగింది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ పేటెంట్ పొందిన ముళ్ళతీగ బీళ్ళను ముక్కలు చేసింది. 1886-87 శీతకాలపు మంచు మందలకు మందలనే చంపేసింది. రైళ్ళు దగ్గరికొచ్చాక వందల మైళ్ళు పశువులను తోలేవాళ్ళతో అవసరం తీరింది. చేతిలో ఉచ్చు తప్ప మరో విద్య లేనివాళ్ళు సర్కస్ లాంటి ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనల్లో చేరారు. అక్కడి నుంచి లాస్ ఏంజిలస్ బండెక్కారు. హాలీవుడ్‌లో సన్‌సెట్, గోవర్ వీధులు కలిసేచోట టోపీలు, బూట్లు తొడుక్కుని, అడ్డా మీది కూలీల్లా, ఆ పూట వేషం కోసం ఎదురుచూసేవారు. ఆ మూలకు గోవర్ గల్చ్ అన్న పేరు అలా నిలిచిపోయింది.

వాళ్ళలో కొందరు నిజమైన ఛాంపియన్లు. 1912లో పెండిల్టన్‌లో గెలిచిన హూట్ గిబ్సన్ తర్వాత తారయ్యాడు. 1929లో ‘కింగ్ ఆఫ్ ది రోడియో’లో నటించాడు. అదే పెండిల్టన్‌ను నాలుగుసార్లు గెలిచిన యకిమా కనట్, ‘ది మ్యాన్ ఫ్రమ్ యూటా’లో ముఠా మనిషి. బరిలో నిజంగా గెలిచినవాడు తెర మీద మోసగాడు, ఓడిపోయేవాడు. ఆ కాలంలో వేన్ బదులు గుర్రాల మీంచి దూకింది కూడా చాలాసార్లు అతనే. ఇక ఆ సినిమాలో కనిపించే రోడియో చాలావరకు వేరేచోట తీసి ఉంచిన ఫిల్మును అతికించిందే. వేల జనం, నిజమైన గుర్రాలు, నిజంగా కిందపడే రౌతులు నిర్మాతకు దాదాపు ఉచితం. చవక సినిమా రోడియోను ఎందుకు అంతగా ప్రేమించిందో ఇక్కడ తెలుస్తుంది. 1935లో ‘ది డెజర్ట్ ట్రైల్’లో వేన్ మళ్ళీ రోడియో వీరుడు, మళ్ళీ గొడవ పందెం డబ్బు దగ్గరే.

ఆ డబ్బు గొడవ రచయితల కల్పన మాత్రమే కాదు. రోడియో కౌబాయ్‌కు జీతం లేదు. తిండి, ప్రయాణం తనవే. పోటీలో దిగడానికి ఎదురు రుసుము కట్టాలి. అందరూ కట్టిన ఆ రుసుమును బహుమతిలో కలపకుండా నిర్వాహకులు మిగుల్చుకోవడం మామూలే. 1936లో బోస్టన్ గార్డెన్‌లో కౌబాయ్‌లు పోటీ మానేసి బయటికి నడిచారు. తాబేలు పేరుతో సంఘం పెట్టుకున్నారు. నెమ్మదిగా కదిలినా చివరికి మెడ బయటికి చాచామని ఆ పేరుకు వాళ్ళు చెప్పుకున్న అర్థం. నేటి వృత్తి రోడియో సంఘానికి మూలం ఆ తాబేలే.

తెర మీద జీను కింద సూదిని వెతికి తీయడానికి మార్షల్ పంపిన ఒక్కడు సరిపోయాడు. బోస్టన్‌లో డిమాండ్ల కాగితం కింద 61 మంది సంతకాలు కావలసి వచ్చాయి.