సంఘం కాగితాలు - సభ్యుడి ఇల్లు

ఫౌజులో ఇరవై నాలుగేళ్లు క్లర్కుగా చేసినవాణ్ణి. పార్ట్ టూ ఆర్డర్ విలువ నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెళ్లయినా, బిడ్డ పుట్టినా అది ఆర్డర్లో పడాలి, రికార్డ్ ఆఫీసుకు చేరాలి. పడకపోతే, రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆ ఇల్లాలు తానే భార్యనని రుజువు చేసుకోవలసి వస్తుంది.

రిటైరై వచ్చాక మా మాజీ సైనికుల గృహనిర్మాణ సహకార సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. ఛార్జి అంటే ఒక నల్ల ట్రంకు పెట్టె, దాని నిండా కాగితాలు. అవి అర్థం చేసుకోవడానికే నేను ఈ చరిత్ర చదివాను.

మన దేశంలో సహకార చట్టాల వెనుక మద్రాసు ప్రెసిడెన్సీ పాత్ర పెద్దది. రైతుల అప్పుల బాధకు మార్గం వెతుకుతూ ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చారు. తరువాత 1904లో చట్టం వచ్చింది గాని, అది పరపతి సంఘాలకే. 1912 చట్టంతో మిగతా రకాల సంఘాలకూ దారి దొరికింది. 1919 సంస్కరణలతో సహకారం రాష్ట్రాల విషయమైంది. మద్రాసుకు 1932లో, హైదరాబాదుకు 1952లో వేర్వేరు చట్టాలు వచ్చాయి. ఆ రెంటి స్థానంలో 1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం వచ్చింది. 1995లో పరస్పర సహాయక సంఘాల చట్టం దాని పక్కన చేరింది.

నన్ను ఆపి చదివించింది మాత్రం 1912 చట్టమే. సభ్యుడు ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానాడు అన్నదానికి సంఘం సభ్యుల రిజిస్టరే కోర్టులో ప్రాథమిక సాక్ష్యం అన్నారు. పద్ధతిగా రాసిన పుస్తకంలోని పద్దుకు ధ్రువీకరించిన నకలు చాలన్నారు. బైలా సవరణ, మనం సభలో చేతులెత్తినంత మాత్రాన కాదు, రిజిస్ట్రార్ దగ్గర నమోదైతేనే చెల్లుతుందన్నారు. అంటే మనం విసుక్కుంటూ రాసే మినిట్సు పుస్తకానికి అంత బరువుందన్నమాట!

ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రిజిస్ట్రేషన్లు రెండు. సహకార రిజిస్ట్రార్ దగ్గర నమోదైతే సంఘం పుడుతుంది. ప్లాటు మీద హక్కు పుట్టేది సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో, 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద. వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి విక్రయ దస్తావేజు తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. సంతకాలైన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దాన్ని అక్కడ దాఖలు చేయాలి. "సొసైటీ రిజిస్టర్డే కదా, ప్లాటుకేం భయం" అనుకుంటే మోసపోతాం.

ఒకరోజు ఒక హవల్దారు భార్య వచ్చింది. భర్త సర్వీసులోనే పోయారు. చుట్టీ దొరక్క దస్తావేజు రాయించుకోలేదు. "అన్నయ్యగారూ, ఈ ముక్క తప్ప నా దగ్గరేమీ లేదు" అని చెమ్మకు చీకిన రసీదు చూపించింది. ట్రంకు పెట్టె తీశాను. సభ్యుల రిజిస్టరులో ఆయన పేరు, తేదీ ఉన్నాయి. మినిట్సులో ప్లాటు కేటాయించిన తీర్మానం, కింద సంతకాలు ఉన్నాయి. వారసత్వ పత్రం తెప్పించి, కమిటీలో పెట్టి, ఆమె పేర దస్తావేజు రిజిస్టరు చేయించాం. ఆఫీసు బయట ఆమె ఏమీ మాట్లాడలేదు, కాగితం కొంగులో చుట్టుకుంది.

అదే పుస్తకంలో నాలుగు పేజీలు లేవు. ఆ పేజీల కాలంలో ప్లాటు పొందిన మరో సభ్యుడి పిల్లలు ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు నేను చెప్పగలిగిన జవాబు లేదు.

పోస్టింగుల్లో ఉండి జీపీఏల మీద ప్లాట్లు కొన్నవారికి ఒక మాట. జీపీఏ అమ్మకం యాజమాన్యం ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన తరఫున సంతకం పెట్టడానికి ఇంట్లోవాళ్లకిచ్చే జీపీఏ వేరు, దస్తావేజు బదులు పుచ్చుకునేది వేరు.

కాబట్టి సోదరులారా, ఈసారి చుట్టీకి వెళ్లినప్పుడు మీ సంఘం ఆఫీసుకు వెళ్లండి. రిజిస్టరులో మీ పేరు, నామినీ పేరు కళ్లతో చూసుకోండి. దస్తావేజు ఎక్కడుందో ఇంట్లో చెప్పండి. యూనిట్లో మన కాగితం చూసేందుకు ఒక క్లర్కు ఉండేవాడు. బయట ఆ క్లర్కు మనమే.